38కీ 39కీ మధ్య

శ్రోతలకు నమస్కారం. ఇవాళ ఐర్లండ్ సంగతి చెబుతాను. ఓ చట్టంలోని రెండు సెక్షన్ల గురించి. 38, 39. స్టేషన్ మార్చకండి, విషయం జీతాలది.

ఐర్లండ్‌లో దివ్యాంగులకు అందే సేవల్లో చాలావరకు స్వచ్ఛంద సంస్థలే నడుపుతాయి. డబ్బు ప్రధానంగా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ నుంచి వస్తుంది. 2004 నాటి ఆరోగ్య చట్టం ఈ సంస్థల్ని రెండు రకాలు చేసింది. 38వ సెక్షన్ సంస్థలో పనిచేస్తే ప్రభుత్వ స్కేలు, ప్రభుత్వ పెన్షను. 39వ సెక్షన్ సంస్థ అయితే, వచ్చిన గ్రాంటులోంచి ఎంత ఇవ్వగలిగితే అంత.

మరి పనిలో తేడా ఉందా? పొద్దున్నే మంచం మీదున్న మనిషిని హాయిస్ట్‌తో, అంటే మనిషిని ఎత్తే యంత్రంతో, లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాలి. కింద వేసే పట్టీ తొడ దగ్గర మడత పడకూడదు. పడిందా, రోజంతా కూర్చునే మనిషికి అక్కడ చర్మం ఒరుసుకుపోయి పుండవుతుంది. ఆ తర్వాత స్నానం, బట్టలు, మాత్రలు, టిఫిను. మాట రాని మనిషైతే, ఇంకో ముద్ద కావాలో వద్దో కళ్ళు చూసి కనిపెట్టాలి. 38లో ఇదే పని. 39లోనూ ఇదే పని.

ఇక అసలు కథ. 2008లో అక్కడి బ్యాంకులు కుప్పకూలాయి, ఖజానా ఖాళీ అయింది. 2010లో ప్రభుత్వోద్యోగుల జీతాలు కోశారు. 38 వాళ్ళకూ కోత పడింది. 39 వాళ్ళు ప్రభుత్వోద్యోగులు కారు, చట్టప్రకారం ఆ కోత వాళ్ళకు వర్తించదు. కానీ వాళ్ళ సంస్థల గ్రాంటు తగ్గించారు. సంస్థలేం చేస్తాయి? చాలాచోట్ల జీతాలకే కత్తెర పెట్టాయి. సరే, కష్టకాలం, అందరూ సర్దుకున్నారు. మళ్ళీ రోజులు బాగుపడ్డాయి. 38 వాళ్ళకు కోసినది విడతలుగా తిరిగిచ్చారు. మరి మాకో అని 39 వాళ్ళు అడిగారు. మీరు మా ఉద్యోగులు కారు కదా అన్నట్టుగా వచ్చింది సమాధానం.

కోసేటప్పుడు మనవాళ్ళు, ఇచ్చేటప్పుడు పరాయివాళ్ళు! ఈ గొడవ మొత్తంలో నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ఆ తర్వాత కొందరికి కొంత వచ్చింది. తేడా మాత్రం పోలేదు. చేతికి పని వచ్చినవాళ్ళు ఎక్కువ జీతం ఉన్నచోటికి వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పు పట్టలేం, ఇంటి అద్దె కట్టాలిగా. కానీ కుర్చీలో ఉన్న మనిషి సంగతి? తన ఒంటి సంగతులన్నీ కొత్తవాళ్ళకు మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకోవాలి. చెప్పుకోగలిగితే.

చివరికి 39 వాళ్ళ కార్మిక సంఘాలు 2023 అక్టోబర్ 17 నుంచి నిరవధిక సమ్మె అన్నాయి. ఈ పనిలో సమ్మె అంత తేలిక కాదు. బస్సులు ఆగితే జనం నడిచి పోతారు. ఇక్కడ పని ఆపితే ఒక మనిషి మంచం దిగలేడు. అందుకే కార్మికులు అన్నేళ్ళు ఓర్చుకున్నారని నా అనుమానం. సమ్మెకు కాస్త ముందు 8 శాతం పెంపుతో ఒప్పందం కుదిరింది. 2025 మార్చిలో మళ్ళీ సమ్మె దాకా వెళ్ళి, 2026 అక్టోబర్ నాటికి అందేలా మరో 9.25 శాతానికి ఒప్పుకున్నారు.

మన తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ఆ పిల్లలకు నేర్పే రిసోర్స్ పర్సన్లలో చాలామంది ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నారు. చట్టం వేరు, జీతం ఇచ్చే దారి వేరు. కానీ సమాన పనికి సమాన వేతనం అనే మాట వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

నాకు ముఖ్యమనిపించేది ఒక్కటే. ప్రభుత్వోద్యోగుల జీతం పెరిగిన ప్రతిసారీ 39 సంస్థల గ్రాంటు కూడా, అదే నెల నుంచి, ఆ మేరకు దానంతటదే పెరగాలి. సంస్థ చేతిలో డబ్బు లేకుండా పెంపు ఒప్పుకుంటే ఏదో ఒక సేవ మూసేయాల్సి వస్తుంది. ఐర్లండ్ సంఘాలు పట్టుబట్టిందీ ఈ లింకు కోసమే.

ఉంటాను. నమస్కారం.