తాడు పట్టే బావమరిది

శ్రోతలకు నమస్కారం. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు దాటాక వచ్చే నల్లమల అడవిని మనలో చాలామందిమి బస్సు కిటికీలోంచి చూసినవాళ్లమే. ఆ దారికి కనబడనంత లోపల, వందకోట్ల ఏళ్లకు పైబడిన రాతిని కోసుకుంటూ కృష్ణానది చేసుకున్న లోయ ఉంది. శ్రీశైలం జలాశయం నిండిన తరువాత ఆ లోయ అడుగుభాగం నీటిలో మునిగిపోయింది కనుక, ఇప్పుడు మనం చూసేది ఆ రాతిగోడల పైభాగం మాత్రమే.

ఆ గోడల మీదా, వాటి వెనుక అడవిలోనూ ఉండేవారు చెంచులు. వారి నివాసాలను పెంటలంటారు. పట్నంలో మనం ఆ మాటను వాడే అర్థం వేరు. అక్కడ అది నాలుగు గుడిసెల ఊరు, ఒక కుటుంబం చుట్టూ అల్లుకున్న లోకం. 1940లో ఈ కొండల్లో చెంచుల మధ్య నివసించిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, 1943లో వారి గురించి ఒక పెద్ద గ్రంథమే వెలువరించారు. ఆ వివరాలన్నీ ఈ కొద్ది సమయంలో చెప్పలేను. నాకు ఎంతో ఇష్టమైన ఒక్క సంగతి మాత్రం తీరికగా చెబుతాను.

అది తేనె సంగతి. కొండతేనె పట్టు నిట్టనిలువు రాతిగోడకు, సాధారణంగా పైనుంచి చేయి అందని చోట వేలాడుతూ ఉంటుంది. దానిని తెచ్చుకోవాలంటే గోడ అంచున తాడు కట్టి, ఒక మనిషి కిందికి దిగాలి. పొగ పెట్టి ఈగలను తప్పించాలి, గాలిలో వేలాడుతూనే పట్టును కోయాలి. అంతసేపూ పైన తాడు దగ్గర ఒక మనిషి కాపలా ఉండాలి. ఆ మనిషి ఎవరు? అన్నదమ్ముడు కాదు, స్నేహితుడు కాదు. బావమరిది. దిగినవాడి భార్యకు తోడబుట్టినవాడే ఆ తాడు పట్టాలని చెంచుల కట్టుబాటు. కారణం వారు దాపరికం లేకుండా చెబుతారు: తాడు జారితే పోయేది తన తోబుట్టువు పసుపుకుంకుమలే కనుక, బావమరిది చెయ్యి వదలడు. తాడు ఎంత గట్టిదో చూసుకోవడంతో వారు ఆగలేదు. దానిని పట్టిన చెయ్యి ఎవరిదో కూడా చూసుకున్నారు. ఈ మాట విన్నప్పుడల్లా, ఇంతకంటే తెలివైన ఏర్పాటు మరొకటి ఉంటుందా అనిపిస్తుంది నాకు.

కోసే పద్ధతిలోనూ ఒక మెలకువ ఉంది. ఈ పట్టులో తేనె ఉండేది సాధారణంగా పైభాగంలో ఒక పక్కన, రాతికి అతుక్కున్న చోట. పిల్ల ఈగలు పెరిగేది మిగతా భాగంలో. తేనె ఉన్న భాగాన్ని మాత్రమే కోసి, పిల్ల ఉన్న భాగాన్ని అలాగే ఉంచితే ఈగల సంతతి నిలుస్తుంది. పట్టు మొత్తాన్నీ కోసి పిండేస్తే, ఆ పిండిన తేనెలో పిల్ల ఈగల రసం కూడా కలుస్తుంది, పైగా ఆ సంతతి అక్కడికక్కడే నశిస్తుంది.

అందుచేత మీరు శ్రీశైలం దారిలోగాని, నగరంలోని గిరిజన సహకార సంస్థ దుకాణంలోగాని తేనె కొనేటప్పుడు, ధర అడిగే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇది పిండిన తేనా, కారనిచ్చి గుడ్డలో వడకట్టిన తేనా? వడకట్టినదైతే ధర కొంత ఎక్కువైనా బేరమాడకుండా తీసుకోండి. తాడు మీద దిగినవాడు పిల్ల ఈగలను వదిలిపెట్టి వచ్చినందుకు, ఆ తాడు పట్టినవాడు అంతసేపు ఎండలో నిలబడినందుకు అది కూలి.