రేకుల షెడ్డుకి వయసెంత?

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఉపాధ్యాయులకు, పొలం పని మానుకుని వచ్చిన పేరెంట్స్ కమిటీ తల్లులకు మరీ మరీ.

ఆహ్వానపత్రంలో నా ప్రసంగానికి "పాఠశాల భవనాలు – ప్రభుత్వ నిధులు" అని పేరు పెట్టారు. నేను పంచాయతీరాజ్ ఇంజనీరింగులో అసిస్టెంట్ ఇంజనీరుగా, అదే ఏఈగా చేరి, డిప్యూటీ ఇంజనీరుగా దిగిపోయినవాణ్ణి. చదువు చెప్పడం గురించి నాకేమీ తెలీదు. ఇటుక, సిమెంటు, బిల్లు, ఈ మూడే తెలుసు. అవే చెబుతాను.

చేరిన కొత్తలో ఒక ఊళ్లో పూరిపాక బడి తుఫాను గాలికి ఎగిరిపోయింది. వానాకాలం గడిచేదాకా అని సిమెంటు రేకుల షెడ్డుకి అంచనా రాశాను. పని పేరు దగ్గర "తాత్కాలిక ఏర్పాటు" అని నా చేతిరాతే. రిటైరయ్యాక ఒక పెళ్లికి ఆ ఊరు వెళితే షెడ్డు అక్కడే ఉంది. రేకులు మూడు సార్లు మార్చారట. ఆ మూడు బిల్లుల్లో ఒకటి నేనే పెట్టానని అప్పుడు గుర్తొచ్చింది.

రేకుల గదిలో పాఠం ఎలా ఉంటుందో ఇక్కడున్న టీచర్లకు నేను చెప్పక్కర్లేదు. జోరువాన పడితే గొంతు వినపడదు, బోర్డు మీద ఎక్కాలు రాసి చూసి రాసుకోమనడమే. మార్చిలో ఒంటిపూట బడి పెట్టినా పదిన్నరకల్లా రేకు సెగ నెత్తిన దిగుతుంది. పిల్లలు గోడ నీడకి జరుగుతూ జరుగుతూ గంట కొట్టేసరికి వరండాలో తేలతారు. ఆ అంచనా రాసేటప్పుడు గాలి ఒత్తిడి లెక్క వేశాను గానీ వేడి లెక్క వేయలేదు. వేయమని ఎవరూ అడగనూ లేదు.

మరి డబ్బు రాలేదా అంటే, వచ్చింది. చాలా సార్లు వచ్చింది. ఎలా వచ్చిందో చూడాలి.

1986 జాతీయ విద్యావిధానం తర్వాత ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చింది. ప్రతి ప్రాథమిక బడికీ ఏ కాలంలోనైనా కూర్చోదగ్గ రెండు పెద్ద గదులు, వెడల్పాటి వరండా ఉండాలన్నారు. అంతకుముందు ఒక గది, ఒక పంతులుతో నడిచిన దేశానికి అది పెద్ద మాటే. బోధన సామగ్రికి కేంద్రం సొమ్మిచ్చింది. గదులకు మాత్రం గ్రామీణ ఉపాధి పథకాల నిధులు వాడుకోమంది. చిక్కు అక్కడే ఉంది. ఉపాధి పథకం ఉద్దేశం కూలి ఇవ్వడం. 2005 ఉపాధి హామీ చట్టంలో కూడా కూలి వాటా 60 శాతం, సామగ్రి వాటా 40 శాతం అన్నారు. శ్లాబు గది కట్టి చూడండి, ఇనుము, సిమెంటు, కంకరలకే ఎక్కువ పోతుంది, లెక్క తిరగబడుతుంది. అందుకే ఆ డబ్బుతో చెరువు పూడిక తేలిగ్గా తీయొచ్చు గానీ, గది కట్టాలంటే పక్క పద్దుల నుంచి అతుకులు వేయాలి.

తర్వాత జిల్లా ప్రాథమిక విద్యా పథకం డీపీఈపీ, 2000 దాటాక సర్వశిక్షా అభియాన్. నిజం చెప్పాలంటే మన రెండు రాష్ట్రాల పల్లెల్లో ఇవాళ కనిపించే గదుల్లో చాలా భాగం ఆ రోజులవే. ఆ పథకంలో నిర్మాణాలకు మొత్తం సొమ్ములో 33 శాతం మించకూడదని గీత గీశారు. తక్కినది టీచర్లకు, పుస్తకాలకు, శిక్షణకు. ఆ గీత తప్పని నేననను. అది లేకపోతే మా శాఖ మొత్తం మింగేసేది.

ఖర్చులో కేంద్రం, రాష్ట్రం వాటాలు మొదట 85:15, తర్వాత 75:25, 65:35, 2015 నుంచి 60:40. చిన్న అంకెల మార్పులా కనిపిస్తుంది గానీ, గది లింటెల్ దగ్గర, అంటే తలుపుల ఎత్తులో, ఆగడానికి కారణం చాలాసార్లు ఇదే. రాష్ట్రం తన వాటా వేయాలి, ఖర్చయిన సొమ్ముకు వినియోగ ధ్రువపత్రం, అదే యూసీ, పంపాలి. అప్పుడే కేంద్రం తర్వాతి విడత వదులుతుంది. రాష్ట్రం వాటా వేయడానికి ఖజానాలో వీలుండాలి. ఈలోగా మేస్త్రి వేరే పనికి వెళ్లిపోతాడు, ఇసుక కుప్ప మీద పల్లేరు మొలుస్తుంది.

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో బడి గడ్డికప్పు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. ఆ వారం మాకు జిల్లా అంతటి నుంచీ పూరిపాక బడుల జాబితాలు అడిగారు, రాత్రింబవళ్లు తయారు చేశాం. ఆ ఘటన ఆధారంగా వేసిన వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు, పిల్లలకు సురక్షితమైన బడి అందడం విద్యాహక్కులో భాగమని చెప్పింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. అన్ని కాలాలకూ పనికొచ్చే భవనం, టీచరుకో గది అని దాని షెడ్యూలులో రాశారు, సమకూర్చడానికి మూడేళ్లు గడువిచ్చారు. ఆ గడువు 2013 మార్చితో తీరిపోయింది. ఎవరి మీదా వారంటు రాలేదు లెండి.

ఇక మీ అందరికీ తెలిసిన రెండు పథకాలు. 2019 నవంబరు 14న ఆంధ్రప్రదేశ్‌లో మనబడి నాడు–నేడు, 2022 మార్చి 8న తెలంగాణలో మన ఊరు – మన బడి. మొదటి దాని తొలి విడతలో 15,715 బడులు. రెండోది 26,065 బడులు, 7,289 కోట్ల పైచిలుకు అంచనా. పార్టీల సంగతి పక్కన పెడదాం, ప్రభుత్వాలు మారాక పేర్లు కూడా మారాయి. ఇంజనీరుగా నాకు నచ్చింది ఒకటుంది: నాడు–నేడులో పనిని టెండరు కాంట్రాక్టరుకి ఇవ్వకుండా తల్లిదండ్రుల కమిటీ ఖాతాలో ముందుగా కొంత డబ్బు వేశారు. సిమెంటు బస్తా తల్లులు లెక్కపెట్టుకున్నారు. డబ్బు ముందు, పని తర్వాత అన్న వరస నా సర్వీసులో అరుదు. ఆ డబ్బు తిరుగుతున్నంత కాలం పని పరిగెత్తింది. రెండో విడతలో అదనపు తరగతి గదులు చేర్చారు, బడుల సంఖ్య పెరిగింది, ఖాతాలోకి తిరిగి డబ్బు రావడం మందగించింది. శ్లాబు పడని గదులు ఎన్నో మిగిలాయి. మీలో కొందరి ఊళ్లలో అవే కదా ఉన్నాయి.

పైగా ఆ సమయంలోనే ఆంధ్రప్రదేశ్‌లో 117 జీవో వచ్చింది. 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూలుకి పంపమన్నారు. పిల్లలు వెళ్లిన చోట గదులు చాలవు, వదిలి వచ్చిన చోట గదులకు తాళం. మళ్లీ వరండాలు, మళ్లీ షెడ్లు. తర్వాత ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. గది కదలదు, పిల్లలు కదులుతారు. ఏది ముందు మార్చాలో ఆలోచించి ఉండాల్సింది.

మీరు గమనించని ఒక ఉచ్చు ఉంది. ఏటా హెచ్‌ఎం గారు బడి వివరాలు ప్రభుత్వానికి పంపే యూడైస్ ఫారం నింపుతారు. అందులో భవనం పక్కానా, పాక్షికంగా పక్కానా, కచ్చానా అని అడుగుతుంది. ఇటుక గోడ, పైన రేకులు ఉన్న షెడ్డుని చాలాచోట్ల పక్కాకి దగ్గరగానే చూపిస్తారు. గదుల సంఖ్యలో అది చేరిపోయిందా, ఇక మీకు గదులు "సరిపోయాయి". పిల్లల సంఖ్యను గదుల సంఖ్యతో పోల్చి కొత్త గది మంజూరు చేస్తారు కాబట్టి మీ పేరు జాబితాలోకి రాదు. గది బాగాలేదని నలుగురు పిల్లలు ప్రైవేటు వ్యానెక్కితే సంఖ్య తగ్గుతుంది, అర్హత ఇంకా తగ్గుతుంది. ఈ ఏడు ఫారం నింపేటప్పుడు కమిటీ వాళ్లు హెచ్‌ఎం గారి పక్కన కూర్చోండి. ఆయన్ని అనుమానించమనడం లేదు, ఆయన ఒక్కడే పడ్డ బాధ మీరూ పడమంటున్నాను.

ఇంకోటి. పాత గది శిథిలమైందని మేం ధ్రువపత్రం ఇవ్వడానికి ఒక రోజు చాలు, కూల్చడానికి రెండు రోజులు. కొత్త గదికి పరిపాలనా అనుమతి, సాంకేతిక మంజూరు, పద్దు, ఒప్పందం, చేసిన పని కొలతలు రాసే ఎం బుక్, బిల్లు. కూల్చిన రోజుకీ కట్టిన రోజుకీ మధ్య పిల్లలు వేపచెట్టు కింద. ప్రమాదకరమైతే వెంటనే దించేయాల్సిందే, అందులో మొహమాటం లేదు. 2025 జూలైలో రాజస్థాన్‌లోని పిప్లోదీ గ్రామంలో బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. అది పాక కాదు, షెడ్డు కాదు, ప్రభుత్వ బడి భవనమే.

అందుకే "శాశ్వత భవనం" అన్న మాట వింటే నాకు నవ్వొస్తుంది. శ్లాబు కూడా తాత్కాలికమే, కాకపోతే పద్దు కాస్త పెద్దది. తీరం వెంబడి ఉప్పుగాలికి కడ్డీ తుప్పుపట్టి పెచ్చులు ఊడతాయి. గుంటూరు, ప్రకాశం వైపు నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు తీస్తుంది, పునాది లోతు తగ్గిస్తే గోడ చీలుతుంది. జిల్లాలన్నిటికీ ఒకే నమూనా అంచనా పంపినప్పుడు మేం సంతకం పెట్టామే గానీ, మా నేలకిది పనికిరాదని గట్టిగా రాయలేదు. ఆ తప్పులో నా వాటా ఉంది.

మరమ్మతుకి ఏమిస్తున్నారు? సమగ్ర శిక్షలో బడి గ్రాంటు 30 మంది లోపు పిల్లలుంటే ఏడాదికి 10 వేలు, వందలోపు 25 వేలు, వెయ్యి దాటితే లక్ష. అందులోనే సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చీపుళ్లు. ఆంధ్రలో అమ్మఒడి 15 వేలల్లో మరుగుదొడ్లకు వెయ్యి, బడి నిర్వహణకు ఇంకో వెయ్యి పట్టారు. తల్లికి వందనంలోనూ రెండు వేలు పక్కన పెడుతున్నారు. పార్టీలు వేరైనా కోత ఒకటే. నాకిది పూర్తిగా తప్పని అనిపించదు. కానీ మీ పిల్లల పేరు మీద పట్టిన సొమ్ము మీ బడి ఖాతాలో ఎంత పడిందో అడిగే హక్కు మీకు పుట్టింది. అడిగిన కమిటీని నేనింతవరకు చూడలేదు.

మంత్రిగారు కోట్లు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టండి, తప్పులేదు. తర్వాత ఏఈని మూడు అడగండి: మా గది ఏ పద్దు కింద, ఎం బుక్‌లో ఎక్కడిదాకా కొలిచారు, ఆ బిల్లు ఏ బల్ల మీద ఉంది. బిల్లు పెట్టిన తేదీ రాసుకోండి. ఆ తేదీ చూపించి నేనే రెండు సార్లు కలెక్టరేట్ నుంచి డబ్బు తెప్పించుకున్నాను.

ఈ బడి వెనకాల లింటెల్ దాకా వచ్చి ఆగిన రెండు గదులు ఇందాక వస్తూ చూశాను. స్తంభాల పైన వదిలేసిన కడ్డీలు ఎర్రగా మారాయి. శ్లాబు డబ్బు ఎప్పుడొచ్చినా రానీ, ఈ వారంలో వాటిని వైరు బ్రష్షుతో రుద్ది సిమెంటు పాలు పూయించాలి. బస్తాలో సగం పడుతుంది. భోజనాలయ్యాక రండి, టేపు తెచ్చుకున్నాను, ఎక్కడెక్కడో చూపిస్తాను.