వెనక సీటుకూ బెల్టు ఉంది

సభలోని పెద్దలకు, బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల వారందరికీ నమస్కారం.

సంక్రాంతికో తిరుమల దర్శనానికో మనలో చాలామంది కారులోనే బయలుదేరుతాం. కొందరు కోలారు, పలమనేరు మీదుగా, కొందరు బాగేపల్లి దాటి అనంతపురం వైపు. ముందు సీట్లలోని వారు కెమెరాలకు జడిసైనా బెల్టు పెట్టుకుంటారు. వెనక కూర్చున్నవారికి ఆ ఊసే ఉండదు. ఈ రోజు నేను మాట్లాడదలచింది ప్రధానంగా ఆ వెనక సీటు గురించే.

"నా ప్రాణం నా ఇష్టం, మధ్యలో ప్రభుత్వానికేం పని?" అని వాదించేవారు ఎప్పుడూ ఉంటారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో ఢీకొని నిలిచిపోయినా, బెల్టు లేని మనిషి అదే వేగంతో ముందుకు దూసుకుపోతాడు. ఆ దెబ్బ మూడంతస్తుల మేడ మీంచి పడ్డదానికి తక్కువేమీ కాదు. వెనక కూర్చున్నవాడైతే వెళ్లి పడేది ముందు సీటు మీద, అంటే బెల్టు పెట్టుకుని చట్టాన్ని గౌరవించిన మనిషి మీదే. అలాంటప్పుడు అది అతని సొంత వ్యవహారం ఎలా అవుతుంది? 2022 సెప్టెంబరు 4న పాల్‌ఘర్ దగ్గర సూర్యా నది వంతెనపై జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ సహా వెనక సీటులోని ఇద్దరూ మరణించారు; వారు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం ఆ ఏడాది సీటు బెల్టు పెట్టుకోక దేశంలో 16,715 మంది చనిపోగా, వారిలో 8,331 మంది బండి నడిపినవారు కాదు, ప్రయాణికులే.

మూడు చోట్ల బిగించే బెల్టును వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో రూపొందించగా, ఆ కంపెనీ దాని పేటెంటును ఇతర తయారీదారులూ వాడుకోనిచ్చింది. అయినా జనం పెట్టుకోలేదు కనుకనే 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం చట్టం తేవలసి వచ్చింది. మన దేశంలోనూ వెనక సీటుకు ఈ నిబంధన ఎప్పటినుంచో ఉంది. 2019 సవరణతో జరిమానా వెయ్యి రూపాయలైంది. అయితే జరిమానా భయం పోలీసు కనిపించినంత దూరమే ఉంటుంది, ఆ తర్వాత పని చేయవలసింది బెల్టు పెట్టుకోకపోతే కారులో మోగే గంటే.

ఆ గంటకూ ఒక చరిత్ర ఉంది. అమెరికాలో 1974 మోడల్ కార్లకు, బెల్టు పెట్టనిదే ఇంజను స్టార్టు కాని ఏర్పాటు చేశారు. జనం ఎంతగా మండిపడ్డారంటే, అదే ఏడాది అక్కడి కాంగ్రెస్ ఆ నిబంధనను రద్దు చేసి, బెల్టు గుర్తుచేసే శబ్దం కూడా 8 సెకన్లకు మించకూడదని కట్టడి చేసింది. మనిషిని మరీ నిర్బంధిస్తే తిరగబడతాడు, మరీ మెల్లగా చెబితే వినడు. వేగం పెరిగేకొద్దీ గట్టిగా మోగే నేటి గంట ఈ రెండింటికీ నడుమ కుదిరిన రాజీ అని నా అభిప్రాయం. మన దేశంలో 2019 జూలై నుంచి ముందు సీట్లకు దీన్ని తప్పనిసరి చేశారు.

దాని నోరు మూయించడానికీ మనవాళ్లు ఉపాయం కనిపెట్టారు. బెల్టు కొసన ఉండే లోహపు నాలుకలాంటి ముక్కను విడిగా తయారుచేసి అమ్ముతారు. దాన్ని బకిల్‌లో గుచ్చితే బెల్టు పెట్టుకున్నారనుకుని కారు ఊరుకుంటుంది. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలపై చర్య తీసుకుని వీటిని తొలగించమని ఆదేశించింది. గంటను ఆపడానికి డబ్బిచ్చి క్లిప్పు కొనేవాడు ఊరికే వచ్చిన బెల్టును మాత్రం పెట్టుకోడు, చోద్యం కాకపోతే!

మన ఊరి ట్యాక్సీల సంగతి వేరు. బెల్టు భుజం పక్కన వేలాడుతూనే ఉంటుంది, బకిల్ మాత్రం సీటు కవరు కింద ఎక్కడో కూరుకుపోయి ఉంటుంది. వేళ్లు దూర్చి వెతికినా దొరకదు. కాబట్టి విమానాశ్రయానికి బండి పిలిచినప్పుడు, పెట్టెలు డిక్కీలో సర్దేలోపే, "అన్నా, కవరు కింద ఉన్న ఆ బకిల్ కాస్త పైకి తీయండి" అని అడగండి. చాలామంది డ్రైవర్లు విసుక్కోకుండా తీసిపెడతారు. సొంత కారున్నవారు ఈ సాయంత్రమే మీ వెనక సీటు కవరు ఎత్తి, మూడు బకిళ్లూ చేతికి అందుతున్నాయో లేదో చూడండి.