పిలాటిస్ మధ్యలో ఎందుకు ఆగిపోతుంది? బండల నేల మీద 12 నిమిషాల ప్లాన్

[తెర: అనంతపురంలో ఒక మామూలు ఇల్లు. హాల్లో సోఫా పక్కకు జరిపి ఉంది. బీరువా సందులో చుట్టిపెట్టిన మ్యాట్, దాని మీద దుమ్ము.]

వ్యాఖ్యానం:
పిలాటిస్ అంటే శ్వాసతో కలిపి, ఎక్కువగా మ్యాట్ మీద పడుకుని చేసే వ్యాయామ పద్ధతి. దానికోసం మ్యాట్ కొన్న కొత్తలో రోజూ పరుస్తాం. రెండు మూడు వారాలకు అది బీరువా సందులోకి చేరుతుంది. "మనకు బద్ధకం లేప్పా" అని సరిపెట్టుకుంటాం. కానీ మానేసినవాళ్లను కారణం అడిగి చూడండి. మెడ పట్టేసిందంటారు, నడుం నొప్పెట్టిందంటారు, లేదా రోజూ గంట ఎక్కడ కుదురుతుందంటారు. మొదటి రెండూ శరీరాన్ని పెట్టే తీరులో వచ్చిన తప్పులు. మూడోది లెక్కలో వచ్చిన తప్పు. ఈ వీడియోలో వాటినే సరిచేద్దాం.

లెక్కతో మొదలుపెడదాం. ఈ పద్ధతిని తయారుచేసిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. న్యూయార్క్‌లో స్థిరపడి చాలా ఏళ్లు నేర్పాడు. 1945లో వచ్చిన ఆయన పుస్తకంలో 34 మ్యాట్ వ్యాయామాలున్నాయి. వాటిని వారానికి నాలుగుసార్ల చొప్పున మూడు నెలలు చేసి చూడమన్నాడు. ఏడు రోజులూ చేయాలని పట్టుబట్టలేదు. మనమూ నాలుగు రోజులే పెట్టుకుందాం, రోజుకు 12 నిమిషాలు. 34 వ్యాయామాల జోలికి ఇప్పుడు పోవద్దు, ఆరు చాలు.

[తెర: నల్లటి కడప బండల నేల. చేత్తో తడుతున్న దృశ్యం.]

ఇక నేల. మన ఇళ్లలో కడప బండలో, బేతంచెర్ల నాపరాళ్లో, టైల్సో ఉంటాయి. అన్నీ గట్టివే. మామూలు యోగా మ్యాట్ మందం 4 నుంచి 6 మిల్లీమీటర్లు. నిలబడి చేసే ఆసనాలకు అది సరిపోతుంది. పిలాటిస్‌లో సగం పని వెల్లకిలా పడుకునే చేస్తాం కాబట్టి వెన్నెముక, తుంటి వెనక ఎముక బండకు ఒత్తుకుంటాయి. 10 నుంచి 15 మిల్లీమీటర్ల మ్యాట్ ఉంటే మంచిది. లేకపోతే ఉన్న మ్యాట్ మీద జమఖానా రెండు మడతలు వేయండి. మ్యాట్ కింద, జమఖానా పైన ఉండాలి. జమఖానా కింద వేస్తే నున్నటి బండ మీద అది జారి, మ్యాట్‌నూ మిమ్మల్నీ లాక్కుపోతుంది. పైన ఉంటే చెమట కూడా పీల్చుకుంటుంది.

వేళ విషయానికొస్తే, ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం, కర్నూలు, కడపల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సాయంత్రం మిద్దె ఎక్కితే పగలంతా కాగిన శ్లాబు కింద నుంచి సెగ కొడుతూ ఉంటుంది. అందుకే వేసవిలో పొద్దున ఆరున్నర లోపు ముగించండి. కుళాయి నీళ్లు వచ్చే పొద్దున బిందెల పని ఉంటుందని తెలిసిందే కదా, ఆ రోజును సెలవుగా పెట్టుకోండి. వారంలో మూడు సెలవులు ఎలాగూ ఉన్నాయి. తిండికీ వ్యాయామానికీ మధ్య రెండు, మూడు గంటల ఎడం కావాలి. ఉగ్గాని బజ్జీ తిని వెల్లకిలా పడుకుని తల ఎత్తితే పొట్టలోది గొంతులోకి వస్తుంది. సంగటి తిన్నాక అయితే చెప్పనే అక్కర్లేదు.

[తెర: డెమో చేసే అమ్మాయి మ్యాట్ మీద వెల్లకిలా పడుకుని ఉంది. కెమెరా మ్యాట్ ఎత్తులో, పక్క నుంచి.]

మోకాళ్లు మడిచి, పాదాలు తుంటి వెడల్పులో నేల మీద పెట్టండి. చేతులు పక్కటెముకల మీద. ముక్కుతో గాలి పీలిస్తే పక్కటెముకలు రెండు పక్కలకూ తెరుచుకోవాలి. నోటితో వదిలేటప్పుడు బొడ్డు కింది భాగం మెల్లగా లోపలికి పోవాలి. ఒక నిమిషం ఇదే. చాలామంది దీన్ని దాటేసి ముందుకు పోతారు. కానీ మిగతా ఐదు వ్యాయామాల్లోనూ వాడేది ఈ శ్వాసే.

రెండోది షోల్డర్ బ్రిడ్జ్, ఎనిమిదిసార్లు. గాలి వదులుతూ తుంటి నుంచి ఒక్కో పూసా లేపుతూ పైకి రండి, పీలుస్తూ ఆగండి, వదులుతూ మళ్లీ ఒక్కో పూసా దించండి. తొడ వెనక కండరం పట్టేస్తే పాదాలు మరీ దూరంగా ఉన్నట్టు. మడమలను పిర్రల వైపు కాస్త జరపండి.

ఇప్పుడు హండ్రెడ్. జనం మెడ పాడుచేసుకునేది ఇక్కడే కాబట్టి నిదానంగా చూద్దాం.

[తెర: హండ్రెడ్ భంగిమ. మెడ దగ్గర ఎర్ర గీత.]

వెల్లకిలా పడుకునే, తల, ఛాతీ కొద్దిగా ఎత్తి, చేతులు శరీరం పక్కన చాపి, అరచేతులు కిందికి పెట్టి, చేతులను చిన్నగా పైకీ కిందికీ ఆడిస్తాం. ఐదు లెక్కపెడుతూ పీల్చాలి, ఐదు లెక్కపెడుతూ వదలాలి. ఇలా పది శ్వాసలైతే నూరు. తల ఎత్తేటప్పుడు జరిగే పొరపాటేమిటంటే గడ్డం ముందుకు పొడుచుకొస్తుంది. అప్పుడు తల బరువంతా మెడ ముందు కండరాల మీద పడుతుంది. పొట్టకు పనే ఉండదు, మర్నాడు మెడ తిప్పలేరు. గడ్డానికీ ఛాతీకీ మధ్య ఒక చీనీకాయ పట్టేంత ఎడం ఉంచండి. చూపు పైకప్పు మీద కాకుండా తొడల మీద ఉండాలి. లేవాల్సింది ఛాతీ, తల దాని వెంట వస్తుంది.

అది కుదరనివాళ్లు తల ఎత్తనే వద్దు. దీన్ని నాలుగు మెట్లుగా చేయొచ్చు. మొదటి రెండు వారాలు తల కింద, పాదాలు నేల మీద, చేతులు మాత్రమే ఆడించాలి. తర్వాతి రెండు వారాలు తల కిందే ఉంచి, కాళ్లు టేబుల్‌టాప్‌లోకి, అంటే తొడలు నిలువుగా, పిక్కలు నేలకు సమాంతరంగా. మూడో మెట్టులో మూడు శ్వాసలు తల ఎత్తి, రెండు శ్వాసలు దించాలి. కాళ్లు చాపడం చివరి మెట్టు. మొదటి రోజే చివరి మెట్టు ఎక్కినవాళ్ల మ్యాట్లే బీరువా సందుల్లో ఉంటాయి.

ఇంకో గుర్తు కూడా కనిపెట్టాలి. కాళ్లు లేపినప్పుడు పొట్ట మధ్యలో గుట్టలా ఉబ్బినా, నడుం నేల నుంచి విల్లులా లేచినా, కాళ్ల బరువు మీ పొట్ట కండరాలు మోయగలిగినదానికంటే ఎక్కువగా ఉందని అర్థం. మోకాళ్లను ఛాతీ వైపు తీసుకురండి, లేదా ఒక మెట్టు దిగండి. కాన్పు తర్వాత ఈ ఉబ్బు అలాగే ఉంటే ఫిజియోథెరపిస్టుకు చూపించాకే ముందుకెళ్లండి.

[తెర: మిగతా మూడు వ్యాయామాలు వేగంగా.]

సింగిల్ లెగ్ స్ట్రెచ్, అంటే వెల్లకిలా పడుకుని ఒక మోకాలు ఛాతీ వైపు తెస్తూ రెండో కాలు చాపడం, పక్కకు ఎనిమిది, మెడ బరువైతే తల కిందే. పక్కకు తిరిగి పడుకుని పై కాలు లేపడం పక్కకు పది, తుంటి వెనక్కి దొర్లకుండా. చివరికి బోర్లా పడుకుని స్విమ్మింగ్, ఎదురు చేయీ కాలూ కొద్దిగా లేపుతూ, మూడు విడతలు. ఎత్తు ముఖ్యం కాదు, నడుం నొక్కుకుపోకూడదు. మొత్తం 12 నిమిషాలకు కాస్త అటూ ఇటూ.

ఈ వరుసను నోటికి పట్టండి. ఫోన్‌లో వీడియో పెట్టుకుని చేస్తే మాటిమాటికీ మెడ తిప్పి చూడాలి, మధ్యలో కాల్ వస్తే పని అక్కడే ఆగుతుంది. ఫోన్‌కు వేరే పని ఇవ్వండి. వారానికోసారి రెండు మీటర్ల దూరంలో, మ్యాట్ ఎత్తులో పెట్టి పక్క నుంచి రికార్డు చేసుకోండి. గడ్డం, నడుం ఎక్కడ తప్పుతున్నాయో అందులో తెలిసిపోతుంది.

మూలుగుతూ ఉండే కండరాల నొప్పి మర్నాడో మూడో నాడో వచ్చి దానంతటదే పోతుంది. దానికి భయపడొద్దు. పొడిచినట్టు ఉండే నొప్పి, కాల్లోకి జాలువారే నొప్పి, తిమ్మిరి వస్తే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎముకలు గుల్లబారినవాళ్లు, డిస్క్ సమస్య ఉన్నవాళ్లు తల, ఛాతీ ఎత్తి ముందుకు వంగే వ్యాయామాలు సొంతంగా మొదలుపెట్టకూడదు. గర్భిణులు డాక్టర్‌ను అడిగాకే.

[తెర: వంటింటి గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్. పాల లెక్కలు, గ్యాస్ బండ వచ్చిన తేదీ.]

లెక్క రాయడానికి యాప్ అక్కర్లేదు. పాల లెక్క రాసే క్యాలెండర్‌లోనే, చేసిన రోజు గడిలో ఎన్ని నిమిషాలో రాయండి, 12 అనో 5 అనో. 5 కూడా చేసినట్టే లెక్క. ఒంట్లో బాగాలేని రోజు శ్వాస, బ్రిడ్జ్, స్విమ్మింగ్, ఈ మూడు చాలు.

ఒక రోజు తప్పితే మర్నాడు రెట్టింపు చేయొద్దు, మామూలుగా చేయండి. పెళ్లిళ్లనో జాతరనో వారం తప్పితే, తిరిగొచ్చాక మొదటి రెండుసార్లు అన్నీ సగం చేయండి. నెల తప్పితే హండ్రెడ్‌ను మొదటి మెట్టు నుంచి మళ్లీ. నెల కిందట ఆపినచోట నుంచే అందుకుందామని పోతే మళ్లీ మెడ దగ్గరికే వస్తాం.

ఊరెళ్లినచోట మ్యాట్ ఉండదు, పడుకునే చోటూ ఉండదు. గోడ ఉంటుంది కదా. మడమలు గోడకు ఒక అడుగు దూరంలో పెట్టి వీపు ఆనించండి. గాలి వదులుతూ తల నుంచి ఒక్కో పూసా గోడను వదులుతూ సగం దాకా వంగి, అలాగే తిరిగి రండి, ఐదుసార్లు. వంగకూడదని డాక్టర్ చెప్పినవాళ్లు దీన్ని వదిలేయండి. తర్వాత గోడకు ఎదురు తిరిగి పుష్అప్‌లు పది, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం పదిహేను. ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

బరువు తూచుకోవద్దని మా సలహా. వారానికి 48 నిమిషాల మ్యాట్ పనికి ముల్లు పెద్దగా కదలదు, అది చూసి మనసు విరుగుతుంది. బరువు తగ్గాలనుకుంటే తిండినీ నడకనూ విడిగా చూసుకోవాలి. ఇక్కడ కొలవాల్సింది వేరు. మూడో మెట్టు చేరాక, నాలుగు వారాలకోసారి హండ్రెడ్‌లో తల ఎత్తి, గడ్డం పొడుచుకురాకుండా ఎన్ని శ్వాసలు నిలుస్తున్నారో లెక్కపెట్టి, అదే క్యాలెండర్‌లో ఆ నెల చివరి గడిలో రాయండి. మూడు నుంచి ఐదుకు వస్తే తర్వాతి నెల ఐదు శ్వాసలు ఎత్తి, రెండు దించండి. మూడు దగ్గరే ఉంటే మెట్టు మార్చకండి, శ్వాస నిడివి మాత్రం ఐదు లెక్కల నుంచి నాలుగుకు తగ్గించి చూడండి.