అంపైర్ ఎక్కడ నిలబడాలి?

అందరికీ నమస్కారం.

విశాఖలో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ అంపైరింగ్‌కి వచ్చేవాళ్లలో చాలామందికి క్రికెట్ అలవాటే. రనౌట్ అవకాశం కనిపించగానే బౌలర్ వైపు అంపైర్ ఏం చేస్తాడు? వికెట్ల వెనక నుంచి పక్కకి పరిగెడతాడు. బ్యాటు గీత దాటిందో లేదో పక్కనుంచే తేలుతుంది గనక. ఈ ఆటల్లో ఆ పని దాదాపు ప్రతి బంతికీ ఉంటుంది.

ముందు ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలమీదుండే తెల్ల పలక) వెనక సంగతి. బ్యాటర్‌కీ, ప్లేట్ వెనక బంతి పట్టే క్యాచర్‌కీ మధ్య సందుని స్లాట్ అంటాం. కుడిచేతి బ్యాటర్ ఉంటే మన చూపు క్యాచర్ ఎడమ భుజం మీదుగా వెళ్లాలి. ఎడమ పాదం ముందు, బంతి విసిరే పిచ్చర్ వైపు. కుడి పాదం వేళ్లు ఎడమ మడమ వరసలో, కాస్త బయటికి తిరిగి. పాదాల ఎడం భుజాల కంటే ఎక్కువ. ఎడమచేతి బ్యాటర్ వస్తే అన్నీ తారుమారు. దిగేటప్పుడు మోకాళ్లు వంచండి. నడుము వంచితే మూడో ఇన్నింగ్స్‌కే నొప్పి మొదలవుతుంది, మన ఉక్కపోతలో ఇంకా ముందే. గడ్డం క్యాచర్ హెల్మెట్ పైఅంచుకి సమంగా ఉండాలి. అంతకంటే దిగితే, అవతలి అంచున కిందగా వచ్చే బంతి క్యాచర్ తల వెనక మాయమవుతుంది.

పిచ్చర్ చెయ్యి వదిలేసరికి తల కుదురుకోవాలి. ఆ తర్వాత కదిలేవి కళ్లే. బంతితోపాటు తల కిందికి జారితే మన స్ట్రైక్ జోన్ (మంచి బంతి దాటాల్సిన, ప్లేట్ పైనుండే ఊహా చట్రం) కూడా జారుతుంది. క్యాచర్ లోపలికి జరిగి స్లాట్ మూసేశాడా? అవతలి భుజానికి మారొద్దు, కొంచెం పైకి లేవండి.

ఇక ఫస్ట్ బేస్, అంటే బంతిని కొట్టాక బ్యాటర్ ముందుగా పరిగెత్తి చేరాల్సిన చోటు. ఇన్‌ఫీల్డర్ (బేసుల దగ్గరుండే ఫీల్డర్) విసిరే త్రోకి లంబకోణంలో, బేస్‌కి 15 నుంచి 18 అడుగుల దూరంలో ఆగండి. కళ్లు బేస్ మీద, రన్నర్ పాదం మీద. బంతి గ్లవ్‌లో పడటం చెవితో పట్టుకోవాలి. కొత్తవాళ్లు ఆత్రంగా మరీ దగ్గరికి వెళ్తారు, అప్పుడు పాదమూ గ్లవ్వూ ఒకే చూపులో ఇమడవు. ట్యాగ్ ఆట (బంతి ఉన్న గ్లవ్‌తో రన్నర్‌ని తాకి అవుట్ చేయడం) వేరు: గ్లవ్‌కీ రన్నర్ ఒంటికీ మధ్య సందు కనపడాలి గనక 10, 12 అడుగుల దాకా వెళ్లొచ్చు. నన్నడిగితే పరిగెడుతూ 12 అడుగుల నుంచి చూసినదాని కంటే, 25 అడుగుల దగ్గర ఆగి చూసిందే నమ్ముతాను. పరిగెడుతుంటే చూపు అదురుతుంది.

బేస్‌బాల్‌లో బేసుల మధ్య 90 అడుగులు, సాఫ్ట్‌బాల్‌లో 60. అంటే సాఫ్ట్‌బాల్‌లో నాలుగు అడుగులు వేసేసరికే ఆట తేలిపోతుంది. మొదటి అడుగు ఎటన్నదే కీలకం. పైగా ఫాస్ట్‌పిచ్‌లో (బంతిని వేగంగా విసిరే సాఫ్ట్‌బాల్ రకం) బంతి పిచ్చర్ చెయ్యి వదిలేదాకా రన్నర్ బేస్ వదలకూడదు, అదీ కనిపెట్టాలి.

మాస్క్ ఎప్పుడూ ఎడమ చేత్తోనే తీయండి, అవుట్ చూపించడానికి కుడిచెయ్యి ఖాళీగా ఉంటుంది. ఇక మైదానంలోకి పదండి. మొదటి పది బంతులకి తీర్పులు అక్కర్లేదు, తల కదిలిందో లేదో పక్కవాళ్లు చూసి చెప్పాలి.