ప్రాణం మీదికొస్తేనే డయాలసిస్: అమెరికాలో కాగితాల్లేని వలస కూలీల వైద్యం

నమస్కారం అండీ. అమెరికా వైద్యం అనగానే మనవాళ్లు ఇన్సూరెన్సు, కో-పే, అంబులెన్సు బిల్లు దగ్గరే ఆగిపోతారు. ఈరోజు ఆ ఇన్సూరెన్సు కొనుక్కోవడానికే అర్హత లేనివాళ్ల సంగతి చూద్దాం. మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చి, కాగితాలు లేకుండా పనిచేసుకుంటున్నవాళ్ల సంగతి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు కొంటున్న కొత్త ఇళ్ల మీదికెక్కి, ఆ ఎండలో పైకప్పు వేసేవాళ్లలో వీళ్లు చాలామంది. అక్కడి మన హోటళ్ల వంటింట్లోకి తొంగిచూస్తే దోశ తిప్పే చెయ్యి కూడా కొన్నిసార్లు మెక్సికో చెయ్యే.

వీళ్లలో ఒకరికి కిడ్నీలు పూర్తిగా పాడయ్యాయనుకోండి. డయాలసిస్ అంటే ఏంటో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు, ఉద్దానం మన దగ్గరే ఉంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకోవాలి. అమెరికా 1972లోనే చట్టం మార్చి, కిడ్నీలు ఫెయిలైన తన జనంలో దాదాపు అందరికీ వయసుతో పని లేకుండా మెడికేర్, అంటే మామూలుగా పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్సు, ఇచ్చింది. కాగితాల్లేనివాళ్లకు అది వర్తించదు. టెక్సాస్ లాంటి చోట్ల వాళ్లలో చాలామందికి దక్కింది ఎమర్జెన్సీ డయాలసిస్ ఒక్కటే.

అదెలా ఉంటుందో వినండి. ఒంటికి నీరు పట్టి, పడుకుంటే ఊపిరాడక, ఎమర్జెన్సీ రూమ్‌కి వెళ్తారు. రక్తం తీస్తారు, ఈసీజీ తీస్తారు. పొటాషియం ప్రాణం మీదికి తెచ్చేంత పెరిగిందా, గుండె లయ తప్పుతోందా చూస్తారు. అంత పెరిగితే మిషన్ మీద పెడతారు. పెరగకపోతే ఇంటికి పంపిస్తారు, ఇంకా ఇబ్బందైతే మళ్లీ రండి అని. దాంతో ఆ నంబరు పెరగాలని కావాలనే ఆరెంజ్ జ్యూస్ తాగి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. కిడ్నీ పేషెంటు కంట పడకుండా అరటిపండ్లు, కొబ్బరినీళ్లు దాచే ఇళ్లలో ఈ మాట వింటే గుండె గుభేలుమంటుంది.

ఎందుకిలా అంటే చట్టాల అల్లిక అలాంటిది. 1986లో ఎమ్టాలా అనే చట్టం వచ్చింది. ఎమర్జెన్సీకి వచ్చిన మనిషి దగ్గర డబ్బుందా, కాగితాలున్నాయా అని చూడకుండా పరీక్షించాలి, గండం గట్టెక్కించాలి. మంచి చట్టమే. గండం గట్టెక్కాక ఏంటన్నది మాత్రం దానికి పట్టదు. 1996 సంక్షేమ చట్టం గ్రీన్ కార్డు ఉన్న చాలామందికి కూడా మెడికెయిడ్ కోసం, అంటే పేదలకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్సు కోసం, ఐదేళ్లు ఆగమంది. అమ్మానాన్నల్ని గ్రీన్ కార్డు మీద తీసుకెళ్లిన మనవాళ్లకు ఈ ఐదేళ్ల లెక్క బాగా తెలుసు, మెడికేర్ దగ్గరా అదే గోల. ఇక 2010లో వచ్చిన ఒబామా కేర్ ఇంకో అడుగు ముందుకేసింది. కాగితాల్లేనివాళ్లకు సబ్సిడీ ఇవ్వం అంటే సరే, ఏదో అనుకుంటాం. మొత్తం ప్రీమియం సొంత జేబులోంచి కడతానన్నా ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో పాలసీ కొననివ్వరు! ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పోనీ దీనివల్ల సర్కారు డబ్బు మిగులుతోందా అంటే అదీ లేదు. 2015 ప్రాంతంలో డాలస్‌లో కాగితాల్లేని కొందరు కిడ్నీ పేషెంట్లకు మార్కెట్‌ప్లేస్ బయట ప్రైవేటు ఇన్సూరెన్సు దొరికింది. వాళ్లు మామూలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లారు. దొరకనివాళ్లు ఎమర్జెన్సీ చుట్టూనే తిరిగారు. ఏడాది తిరిగేసరికి మొదటివాళ్లలో చనిపోయింది 3 శాతం, రెండోవాళ్లలో 17 శాతం. ఖర్చు కూడా ఎమర్జెన్సీ వైపే ఎక్కువ. 2019లో అచ్చయిన అధ్యయనం ఇది.

డెన్వర్‌లో లిలియా సర్వాంటెస్ అనే డాక్టరు కూడా తన బృందంతో ఇలాంటి లెక్కే తీశారు. ఐదేళ్లలో చావు ముప్పు ఎమర్జెన్సీ డయాలసిస్ వాళ్లకు 14 రెట్లు ఎక్కువని 2018లో తేల్చారు. మరుసటి ఏడాది కొలరాడో రాష్ట్రం చేసిన పని చాలా చిన్నది. కిడ్నీలు పూర్తిగా పోవడమే ఎమర్జెన్సీ అని లెక్కేసి, వారానికి మూడుసార్లు చేసే మామూలు డయాలసిస్ ఖర్చుని ఎమర్జెన్సీ మెడికెయిడ్ కింద కట్టడం మొదలుపెట్టింది. కొత్త చట్టం అక్కర్లేకపోయింది. టెక్సాస్ ఆ దారిలో నడవలేదు.

డబ్బు, చట్టం ఒక ఎత్తు, భయం ఒక్కటీ ఒక ఎత్తు. ప్రభుత్వ సాయం తీసుకుంటే గ్రీన్ కార్డుకి అడ్డమొస్తుందని 2019లో పబ్లిక్ చార్జ్ నిబంధనను కఠినం చేశారు. నిబంధన పరిధిలోకి రాని పిల్లల్ని, అదీ అమెరికాలోనే పుట్టిన పిల్లల్ని కూడా, తల్లిదండ్రులు మెడికెయిడ్ నుంచి తప్పించేశారు. 2021లో ఆ నిబంధన పోయింది, భయం పోలేదు. 2025 జనవరిలో ఆసుపత్రులు, బడులు, చర్చిల దగ్గర అరెస్టులు మానుకోవాలన్న పాత విధానాన్ని ఎత్తేశారు. అదే ఏడాది మెడికెయిడ్ లబ్ధిదారుల వివరాలు ఇమిగ్రేషన్ వాళ్ల చేతికి వెళ్లాయని వార్తలొచ్చాయి. ఇక బీపీ చూపించుకోవడానికి ఎవరొస్తారు చెప్పండి?

భాష సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. స్పానిష్ దుబాసీని పెడితే చాలనుకుంటారు. గ్వాటెమాలా కొండల నుంచి వచ్చిన మనిషికి తెలిసింది మామ్ భాషో, కిచే భాషో అయితే, ఆ స్పానిష్ కూడా అర్థం కాదు, ఊరికే తలూపుతారు.

ఉన్నంతలో ఊరట కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు. అక్కడ ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటారు. షుగరు, బీపీ, గర్భిణుల చెకప్‌ల వరకు బాగానే చూస్తారు. పెద్ద జబ్బు బయటపడి స్పెషలిస్టు దగ్గరికి పంపాల్సొస్తేనే కథ మొదటికొస్తుంది.

చివరగా, టెక్సాస్‌లో హోటలో, కన్‌స్ట్రక్షన్ కంపెనీయో నడుపుతున్న మనవాళ్లకు ఒక మాట. 2024 నవంబరు నుంచి అక్కడ చాలా ఆసుపత్రుల్లో పేషెంటు ఇమిగ్రేషన్ స్థితి అడుగుతున్నారు, గవర్నరు ఉత్తర్వు అది. జవాబు ఏదైనా వైద్యం మీద దాని ప్రభావం ఉండదన్న సంగతి కూడా ఆసుపత్రే పేషెంటుకి చెప్పాలని అదే ఉత్తర్వులో ఉంది. ఫారం చూడగానే లేచి వెళ్లిపోయేవాళ్లకు ఈ రెండో ముక్క చేరదు. మీ వంటింట్లో పనిచేసేవాళ్లకు దాన్ని మీరు చెప్పండి, వాళ్లకొచ్చిన భాషలో.