ఎర్రనీళ్ళలో మట్టెంత?

(కోనసీమలోని ఒక హైస్కూల్లో విద్యార్థులు, రైతుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. హెడ్మాస్టరు గారు నన్ను వాతావరణ మార్పుల మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట ఎత్తుకుంటే సాయంత్రం దాకా తేలదు. నేను మన రేవు దగ్గరే మొదలెడతాను.

గోదావరికి ఎర్రనీళ్ళు తగిలాయనగానే మనకి ముందు గుర్తొచ్చేది పులస. తర్వాత టీవీ పెడతాం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మూడోది వచ్చేసరికి లంకల్లో వాళ్ళు పశువుల్ని ఏటిగట్టు ఎక్కించేసి ఉంటారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3. వెనక కూర్చున్న పెద్దవాళ్ళకి ఈ అంకెలు నోటికొచ్చని నాకు తెలుసు. సరే, నీళ్ళ లెక్క చెప్పారు. ఆ నీళ్ళని ఎర్రగా చేసిన మట్టి ఎంత? అది చెప్పండి.

చూశారా, ఎవరూ మాట్లాడటం లేదు.

ఆ లెక్క రాసేవాళ్ళు కూడా ఉన్నారు. పోలవరం దగ్గర కేంద్ర జలసంఘం వాళ్ళు నదిలోకి వెళ్ళి, పైపైన కాకుండా లోతులోంచి నీళ్ళు పడతారు. వాటిని వడకట్టి, మిగిలిన మట్టిని ఆరబెట్టి, తూకం వేస్తారు. చెప్పుకోడానికి ఏమీ లేని పని. వరదలో చేయాలంటే మాత్రం గుండె ఉండాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ పాత రికార్డులన్నీ తిరగేశారు. 1970లలో ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు వచ్చేది. 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. ఆ తగ్గిన మట్టిలో చాలా భాగం ఎగువన కట్టిన రిజర్వాయర్ల అడుగున పేరుకుంది.

డ్యాములు కట్టకూడదని నేననడం లేదు. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేయకపోతే ఈ హాల్లో మనలో ఎంతమంది ఉండేవాళ్ళమో! నేననేది ఒకటే. నీళ్ళని పంచుకునేటప్పుడు మట్టిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మనం నిలబడ్డ నేలంతా ఆ మట్టే కదా.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. డెల్టా నేల రాయి కాదు. కొత్తగా వేసిన పరుపులాంటిది. దాని బరువుకి అదే అణుగుతూ ఉంటుంది. వేల ఏళ్ళుగా అది అణిగినంత మేరా వరద పైన కొత్త పొర వేస్తూ వచ్చింది. ఇప్పుడు అణగడం ఆగలేదు, పొర పడటం తగ్గింది. అటు సముద్రం చూస్తే ప్రపంచం మొత్తం మీద సగటున ఏటా 3, 4 మిల్లీమీటర్లు పెరుగుతోంది. మిల్లీమీటర్లే కదా అనుకోకండి. మన తీరంలో నేల ఎంత పల్లమో, పోటు వచ్చినప్పుడు మురుగు కాలువలో నీరు ఎంత దూరం వెనక్కి తంతుందో మీకు నేను చెప్పాలా?

సముద్రం పెరుగుదలని కొలవడానికి రేవుల్లో పోటు కొలిచే పరికరాలు పెడతారు. విశాఖలో ఉన్నది గట్టి కొండరాయి పక్కన ఉంది. అక్కడ నీటిమట్టం పెరిగిందంటే చాలావరకు సముద్రం పెరిగినట్టే. అదే పరికరాన్ని తెచ్చి, గోదావరి సముద్రంలో కలిసే మన మొగ దగ్గర పాతామనుకోండి. అది చూపించేదాంట్లో సముద్రం లేచింది ఎంతో, నేల దిగింది ఎంతో ఆ పరికరానికి తెలీదు. విడిగా నేల ఎత్తుని కూడా ఉపగ్రహాల సాయంతో ఏళ్ళ తరబడి కొలవాలి. విశాఖ అంకె తెచ్చి అంతర్వేదికి అంటిస్తే కుదరదు.

ఉపగ్రహ చిత్రాల్లోనూ ఇలాంటి మెలికే ఉంది. నేను చెప్పిన ఆ పరిశోధకులే 1976 నాటి చిత్రాల్నీ 2001 నాటి వాటినీ పోల్చి చూశారు. కొత్తగా మేట వేసిన నేలని కలుపుకున్నా, డెల్టా తీరంలో 1,836 హెక్టార్లు నికరంగా పోయింది. మన లెక్కలో దాదాపు 4,500 ఎకరాలు. అయితే బురద తీరంలో గంటకీ గంటకీ ఒడ్డు జరుగుతుంది. ఒక చిత్రం పోటులో, ఇంకోటి పాటులో తీసి ఉంటే లేని కోత ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే ఫోటో తీసిన వేళకి పోటు ఎంతుందో ముందు చూసుకోవాలి. గడిమొగ వైపు వేటకెళ్ళే వాళ్ళని అడిగితే ఈ సంగతి నాకంటే బాగా చెప్తారు.

మడ అడవుల గురించి ఒక్క మాట. కోరింగలో ఉన్న మడ చెట్ల వేళ్ళు వచ్చిన మట్టిని పట్టి ఉంచుతాయి. అలల జోరు తగ్గిస్తాయి. చెట్లు చచ్చిపోయిన చోట మళ్ళీ మొక్కలు నాటేస్తే సరిపోదు. పోటు నీరు లోపలికి వచ్చి తిరిగి పోకపోతే నీరు నిలిచి, ఎండకి ఆవిరై, ఉప్పు పేరుకుని మొక్క మాడిపోతుంది. అందుకే చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ముందు నీటికి దారి ఇచ్చి, ఆ తర్వాత మొక్కలు వేస్తారు.

ఇక మీ ఇళ్ళ దగ్గరి విషయం. ఇది ఏ ఉపగ్రహానికీ సరిగ్గా కనపడదు. తీరం దగ్గర భూమిలో ఉప్పునీటి మీద మంచినీరు తేలుతూ ఉంటుంది. లెక్క ప్రకారం మంచినీటి మట్టం సముద్రం కంటే ఒక్క అడుగు ఎత్తులో ఉంటే, కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరుంటుంది. తిరగేసి చూడండి. బోర్లతో తోడి ఆ మట్టాన్ని ఒక్క అడుగు దించితే, నిదానంగా ఉప్పు 40 అడుగులు పైకొస్తుంది. పక్కనే ఉప్పునీటితో రొయ్యల చెరువు ఉంటే ఉప్పు పైనుంచి కూడా దిగుతుంది.

ఈ విషయంలో నా పరువు పోయిన కథ ఒకటుంది. సముద్రానికి దగ్గర్లో ఒక ఊళ్ళో మే నెలలో బావుల్లో ఉప్పు కొలిచాను. మరుసటి ఏడు ఆగస్టులో వెళ్ళి కొలిస్తే బాగా తగ్గింది. సంబరంగా మీటింగ్ పెట్టి, "మీ నీళ్ళు బాగుపడ్డాయి" అని చెప్పేశాను. ఒక పెద్దాయన లేచి, "మేష్టారూ, అప్పుడు మీరొచ్చినప్పుడు కాలువ కట్టేసి ఉందండీ. ఇప్పుడు పారుతోంది కదండీ" అన్నారు. అంతే. కాలువ ఊట, వరిచేలో నిలిచిన నీరు బావికి దిగుతాయని క్లాసులో పాఠం చెప్పినవాణ్ణి నేనే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి ఏ నీరు కొలిచినా నాలుగు సంగతులు రాసుకుంటాను. తేదీ, లోతు, కాలువ పారుతోందా కట్టేశారా, పోటా పాటా. ఏటా అదే నెలలో, అదే బావిలో కొలుస్తాను. కొత్త బావి మంచి నీళ్ళిచ్చినా సరే, పాతదాన్ని వదలను.

ఈ బల్ల మీద ఉన్న చిన్న మీటరు అందుకే. నీటిలో ముంచితే ఎంత ఉప్పుందో అంకె చూపిస్తుంది. సముద్రపు నీటికి 50 వేల మైక్రోసీమెన్స్ (నీటిలో కరెంటు ఎంత బాగా పారుతుందో చెప్పే కొలత) దగ్గర చూపిస్తుంది. నేల తేమలోనే 3 వేలు దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. మీ సైన్సు మేడమ్ చెప్పారట, సీసాలతో నీళ్ళు తెచ్చారు కదా. వరసగా రండి. ఆ నోటుపుస్తకంలో ముందు పేరు కాదమ్మా, బావి ఎక్కడుందో రాయండి. పేరు మారినా బావి మారదు.

నీలం గౌను అమ్మాయీ, నీ సీసా ఇటివ్వు. ఏ లోతులోంచి తెచ్చావు?